తడిగుడ్డ పెట్టే ముందు: హార్డ్‌వుడ్ ఫ్లోర్‌ని చూసుకోవడం ఎలా

మా భోజనాల గదిలో కిటికీ పక్కన, నేల చెక్క పలకల మీద చపాతీ అంత నల్లటి వలయం ఒకటి ఉంది. అది తులసమ్మ పుణ్యం. న్యూజెర్సీ చలికి తులసి బయట బతకదు కదా అని అక్టోబరులో కుండీని లోపలికి తెచ్చి, కింద మట్టి పళ్ళెం పెట్టి, రోజూ ఒక గ్లాసుడు నీళ్ళు పోస్తూ వచ్చాను. పళ్ళెం ఏ రోజూ పొంగలేదు. నేల తడిసినట్టు కంటికి ఆనలేదు. ఏప్రిల్లో కుండీ ఎత్తి చూస్తే ఆ వలయం! మట్టి పళ్ళెం చెమ్మ పీల్చుకుని, ఆరు నెలలపాటు కొద్దికొద్దిగా చెక్కకి తాగించింది.

నలుపే ఎందుకంటే, మా నేలకి వాడిన ఓక్ చెక్కలో టానిన్లు అనే ఒగరు పదార్థాలు ఉంటాయి. వాటికి నీళ్ళూ ఇనుమూ తగిలితే నల్లబడతాయి. శ్రీకాళహస్తి కలంకారీలో కరక్కాయ పట్టించిన గుడ్డ మీద ఇనుము నానబెట్టిన కసింతో గీస్తే నల్లటి గీత తేలుతుంది చూడండి, అదే రసాయనం. మంచినీళ్ళలో ఉండే కాస్త ఇనుమైనా అందుకు చాలు.

మనం పెరిగిన ఇళ్ళల్లో తాండూరు బండలో, బేతంచర్ల బండలో, గచ్చో, తర్వాత రోజుల్లో మార్బులో టైల్సో ఉండేవి. బకెట్టు నీళ్ళు కుమ్మరించి కడిగేస్తే శుభ్రం. ఆ అలవాటు చేతుల్లో అలాగే ఉంది. ఇక్కడ ఇల్లు కొనుక్కున్న మనవాళ్ళ నేలలు పాడయ్యేది ఎక్కువగా ఆ అలవాటు వల్లే అని నా అనుమానం. నేనూ మినహాయింపు కాదు.

ముందు కాళ్ళ కింద ఏముందో చూడండి

అమ్మేవాళ్ళు హార్డ్‌వుడ్ అన్నంత మాత్రాన అది హార్డ్‌వుడ్ కాకపోవచ్చు. చూడ్డానికి ఒకేలా ఉండే సరుకులు నాలుగున్నాయి. సాలిడ్ అంటే పలక మొత్తం ఒకే చెక్క, మందం సాధారణంగా ముప్పావు అంగుళం. ఇంజినీర్డ్ అంటే కింద ప్లైవుడ్, పైన అసలు చెక్క పొర. ఆ పొర ఒక మిల్లీమీటరు నుంచి ఆరు దాకా ఉండొచ్చు. లామినేట్ అంటే నొక్కి చేసిన పొట్టుచెక్క మీద చెక్క ఫోటో. వినైల్ అంటే ప్లాస్టిక్.

ఎలా కనిపెట్టాలంటే, నేలలో వేడిగాలి వచ్చే చోట ఇనుప జాలీ ఉంటుంది. చాలా ఇళ్ళల్లో అది ఊరికే కూర్చోబెట్టి ఉంటుంది, చేత్తో పైకి లాగితే వచ్చేస్తుంది. లోపల పలక అంచు కనిపిస్తుంది. పైన కనిపించిన నారే కిందిదాకా సాగితే సాలిడ్. పొరలు పొరలుగా ఉంటే ఇంజినీర్డ్. ఈ తేడా తెలియడం ఎందుకు ముఖ్యమంటే, నేలని చెక్కి కొత్తగా పూత వేసే ప్రతిసారీ మిల్లీమీటరుకి కాస్త తక్కువగా చెక్క పోతుంది. సాలిడ్ అయితే జీవితకాలంలో నాలుగైదుసార్లు ఓర్చుకుంటుంది. పైపొర రెండు మిల్లీమీటర్ల లోపున్న ఇంజినీర్డ్‌కి ఒక్కసారి కూడా అనుమానమే. అలాంటి నేల మీద గీతపడితే ఆ గీతతోనే కాపరం.

ఆ తర్వాత పూత సంగతి. ఇప్పటి ఇళ్ళల్లో దాదాపు అన్నీ పాలియురేథేన్ (ప్లాస్టిక్ లాంటి వార్నిష్) పూతలే. 1970కి ముందు కట్టిన ఇల్లయితే మైనం పూత ఉండే అవకాశముంది. సోఫా వెనక ఎవరికీ కనపడని మూలలో తెల్లగుడ్డకి కొంచెం మినరల్ స్పిరిట్స్ (పెయింట్ షాపులో దొరుకుతుంది) అద్ది రుద్దండి. గుడ్డకి పసుపో గోధుమరంగో జిడ్డు అంటితే అది మైనం. మైనం నేలకి తడి అసలు పనికిరాదు, దాని పద్ధతులు వేరు. ఇక్కడ నేను చెప్పేవన్నీ పాలియురేథేన్ నేలలకే.

ఇంకో పరీక్ష. ఎక్కువగా నడిచే చోట ఒక్క నీటిచుక్క వేసి, నాలుగైదు నిమిషాలు ఆగండి. తామరాకు మీద నీటిబొట్టులా నిలబడితే పూత బాగుంది. కింద చెక్క ముదురు రంగుకి తిరిగితే పూత అరిగిపోయింది, నీళ్ళు లోపలికి దిగుతున్నాయి. చుక్కని వెంటనే తుడిచేసి, చివర్లో రీకోట్ (పాత పూత మీద మరో పొర వేయడం) గురించి రాసింది ముందు చదవండి.

వానాకాలం తలుపు

ఊళ్ళో పాత ఇంటి తలుపు గుర్తుందా? వేసవిలో సునాయాసంగా పడుతుంది, శ్రావణం వచ్చేసరికి బిగుసుకుపోయి భుజంతో తోస్తే గానీ కదలదు. మీ కాళ్ళ కింద అలాంటి తలుపులు కొన్ని వందలు పక్కపక్కనే పరిచి ఉన్నాయనుకోండి. గాలిలో తేమ పెరిగితే ప్రతి పలకా అడ్డంగా ఉబ్బుతుంది, తగ్గితే ముడుచుకుంటుంది. పొడవు మాత్రం దాదాపు మారదు.

అమెరికా ఈశాన్యంలో చలికాలం ఈ నేలలకి గడ్డుకాలం. బయటి చల్లగాలిలో తేమే తక్కువ, దాన్ని ఫర్నేస్ వేడి చేస్తే ఇల్లంతా అప్పడంలా ఎండిపోతుంది. పెదాలు పగులుతున్నాయంటే పలకలూ ముడుచుకుంటున్నాయనే లెక్క. పది పదిహేను డాలర్లు పెట్టి తేమ కొలిచే హైగ్రోమీటర్ ఒకటి కొనండి. 30 నుంచి 50 శాతం మధ్య ఉంచగలిగితే చాలు. చలికాలం తేమ పెంచే హ్యుమిడిఫయర్, ఎండాకాలం ఏసీ లేదా తేమ లాగేసే డీహ్యుమిడిఫయర్.

జనవరిలో పలకల మధ్య సందులు కనిపిస్తే కంగారుపడకండి. రెండుంబావు అంగుళాల పలకల మధ్య డైమ్ (అమెరికా పది సెంట్ల) నాణెం మందం సందు చలికాలంలో మామూలే, జూన్ కల్లా పూడుకుంటుంది. ఆ సందుల్లో పుట్టీ కూరడం మాత్రం పెద్ద తప్పు. వేసవిలో పలకలు ఉబ్బినప్పుడు ఆ పుట్టీ పిండైపోయి పైకి తన్నుకొస్తుంది.

డిసెంబరులో నెలరోజులు ఇండియా వెళ్తున్నారా? కరెంటు బిల్లు మిగులుతుందని హీటింగ్ పూర్తిగా ఆపేయకండి. థర్మోస్టాట్ 60 డిగ్రీల ఫారెన్‌హీట్ దగ్గర ఉంచి, నీళ్ళ మెయిన్ వాల్వు కట్టేసి వెళ్ళండి. పైపు చిట్లితే చూసేవాళ్ళు లేని ఇంట్లో జరిగే నష్టం ముందు హీటింగ్ ఖర్చు ఏపాటి? ఫర్నేస్‌కి బిగించిన హ్యుమిడిఫయర్ ఉంటే దానికీ నీళ్ళు ఆగిపోతాయని గుర్తుంచుకోండి. బాయిలర్‌తో వేడయ్యే ఇల్లయితే మెయిన్ కట్టే ముందు ప్లంబర్‌ని అడగాలి.

ఊడవడం, తుడవడం

చెక్కకి రోజువారీ శత్రువు దుమ్ము. దుమ్ములో ఇసుక ఉంటుంది, ఇసుకలోని క్వార్ట్జ్ మీ పూత కంటే ఎన్నో రెట్లు గట్టిది. ఇసుకరేణువు మీద కాలేసి తిప్పితే వడ్రంగి ఉప్పుకాగితం పెట్టి రుద్దినట్టే. అందుకే తడి కంటే ముందు పొడిగా తీయడం ముఖ్యం.

చెప్పులు గుమ్మం దగ్గరే విడిచే అలవాటు మన పుణ్యం, ఆ ఒక్కదానితో సగం పని అయిపోతుంది. మిగతా సగానికి:

1. రోజు విడిచి రోజు మైక్రోఫైబర్ డస్ట్ మాప్‌తో పొడిగా లాగండి. పలకల పొడవు ఎటుంటే అటే. మెత్తచీపురైనా ఫరవాలేదు కానీ కొబ్బరి ఈనెల చీపురు వద్దు.

2. వారానికోసారి వాక్యూమ్. తిరిగే బ్రష్ ఆపేసి, నేలకి వాడే మెత్తటి హెడ్ పెట్టండి. కింద చక్రాలు గరుకుగా ఉన్నాయేమో ఒకసారి చేత్తో తడిమి చూడండి.

3. తడి పెట్టడం వారానికో, రెండు వారాలకో ఒకసారి చాలు. హార్డ్‌వుడ్‌కని అమ్మే, పీహెచ్ న్యూట్రల్ (ఆమ్లమూ కాదు, క్షారమూ కాదు) అని రాసి ఉన్న క్లీనర్‌ని నేల మీద కాకుండా మాప్ గుడ్డ మీద చల్లండి. గుడ్డ చెమ్మగా ఉండాలి. పిండితే చుక్క కారకూడదు.

4. తుడిచిన చోటు నిమిషం, రెండు నిమిషాల్లో ఆరిపోవాలి. ఆరలేదంటే నీళ్ళు ఎక్కువయ్యాయని అర్థం. పొడిగుడ్డతో వెంటనే ఒత్తండి.

5. గుడ్డ నల్లబడగానే మార్చండి. మురికిగుడ్డతో తుడిస్తే మురికిని గదంతా పంచిపెట్టినట్టే.

మా అమ్మ మొదటిసారి వచ్చినప్పుడు ఈ పద్ధతి చూసి, "ఇదేం తుడవడమే, నేలకి నీళ్ళు చూపించి దాచేస్తున్నావు" అంది. నేను ఆఫీసు కాల్‌లో ఉండగా బాత్రూం బకెట్టులో నీళ్ళు నింపి, ఫినాయిల్ వాసన ఏదో ఒకటి కలిపి, హాలంతా తడిగుడ్డ పెట్టేసింది. ఒక్కసారికి ఏమీ కాదు. అదే రోజూ చేస్తే నీళ్ళు సందుల్లోంచి కిందికి దిగి, పలక అడుగు ఉబ్బి, అంచులు పైకి లేస్తాయి. ప్రతి పలకా చిన్న దోనెలా వంగుతుంది. ఎండ పక్కనుంచి పడే వేళ నేలకి చెంప ఆనించి చూస్తే అలలు అలలుగా కనిపిస్తుంది. అమ్మతో వాదించడం మానేసి ఈ నేల కూడా మన పాత తలుపులాంటిదే అని చెప్పాను. వెంటనే అర్థమైంది. పెద్దవాళ్ళు వచ్చినప్పుడు మొదటి రోజే ఆ మాట చెప్పేయండి. టైల్స్ ఉన్న బాత్రూములు వాళ్ళకి వదిలేయండి, తనివితీరా కడుక్కుంటారు.

స్టీమ్ మాప్ వద్దే వద్దు. వేడి ఆవిరి పూత కిందికి దూరి తెల్లటి మసక తెస్తుంది. వెనిగర్ నీళ్ళు సహజమని చాలామంది వాడతారు. అది ఆమ్లం, నెలల తరబడి వాడితే మెరుపు చచ్చిపోతుంది. అమ్మోనియా కలిసినవీ, బ్లీచ్ కలిసినవీ వద్దు. అన్నిటికంటే మోసం చేసేవి మెరుపు తెప్పిస్తామని అమ్మే పాలిష్‌లు, నూనె సబ్బులు. రాసిన రోజు అద్దంలా ఉంటుంది, ఆరు నెలలకి జిడ్డు పొర పేరుకుంటుంది. రేపు రీకోట్ చేయించుకుందామంటే కొత్త పూత ఆ పొరకి అంటుకోకుండా పొట్టులా లేచిపోతుంది.

పూజ మూల, వంటిల్లు

ఇక్కడివాళ్ళు రాసే జాగ్రత్తల్లో ఇది ఉండదు కాబట్టి కాస్త వివరంగా చెప్తాను.

దీపం దగ్గర్నుంచి మొదలుపెడదాం. కుందిలోంచి నూనె రోజుకో చుక్క కారినా నెలకి ముప్ఫై చుక్కలు. పూత మీద ఉన్నంతసేపు తుడిస్తే పోతుంది. సందులోకి దిగిన నూనె మాత్రం ఎప్పటికీ రాదు, అక్కడ తర్వాత ఏ పూతా నిలవదు. అంచున్న స్టీలు పళ్ళెంలో కుందులు పెట్టండి, పళ్ళెం కింద మందపాటి గుడ్డ పరవండి. స్టీలు వేడెక్కుతుంది, దాని అంచు గీతలూ పెడుతుంది, రెండిటికీ ఆ గుడ్డే కాపలా. నూనె ఒలికిందా? తుడవకండి, పరుచుకుంటుంది. కాగితం తువ్వాలుతో అద్ది పీల్చండి. ఆపైన మొక్కజొన్న పిండో, మైదానో చల్లి పావుగంట వదిలేసి, ఊడ్చి, క్లీనర్ గుడ్డతో తుడవండి.

సాంబ్రాణి బొగ్గు, హారతి కర్పూరం, అగరువత్తి నుసి. వీటికి కింద లోహపు పళ్ళెం తప్పనిసరి. వెలుగుతున్న కర్పూరం బిళ్ళ జారిపడితే పూత క్షణాల్లో బొబ్బలెక్కుతుంది.

పసుపు సంగతి సరదాగా ఉంటుంది. వరలక్ష్మీ వ్రతం నాడు తడి పసుపు పడితే అందరికీ ముందు గుర్తొచ్చేది సబ్బు, లేదంటే బేకింగ్ సోడా. రెండూ క్షారాలే. పసుపుకి క్షారం తగిలితే ఎర్రబడుతుంది. పసుపులో సున్నం కలిపి పెళ్ళికూతురి పాదాలకి పారాణి పెట్టేది ఇందుకే. పసుపు మరక మీద సోడా రుద్దితే మీ నేలకి పారాణి పెట్టినట్టే. మరేం చేయాలి? ముందు పొడిగా ఎత్తేయండి. న్యూట్రల్ క్లీనర్ గుడ్డతో తుడవండి. ఇంకా లేతగా పసుపుపచ్చ మిగిలితే కిటికీ తెర తీసి ఎండ పడనివ్వండి. పసుపుకి ఆ రంగునిచ్చే కర్కుమిన్ ఎండకి విరిగిపోతుంది. ఆరేసిన పసుపు బట్టలు వెలిసిపోవడం చూసే ఉంటారు. మా ఇంట్లో రెండుసార్లు ఇలాగే మూడు రోజుల్లో మరక మాయమైంది. కుంకుమ విషయంలో ఈ భరోసా ఇవ్వలేను. షాపు కుంకుమల్లో కృత్రిమ రంగులు కలుస్తాయి, అవి ఎండకి లొంగకపోవచ్చు. కుంకుమ పళ్ళెం దాటకుండా చూసుకోవడమే దారి.

ముగ్గుపిండి రాతిపొడి. వేసినప్పుడు కాదు, ఊడ్చేటప్పుడు గీస్తుంది. బియ్యప్పిండితో వేయండి, అదీ నేరుగా నేల మీద కాకుండా ఒక చెక్క మీదో, నల్లటి చార్టు మీదో వేసి పరచండి. కొబ్బరికాయ కొట్టడానికి గరాజ్ కాంక్రీటు మించిన చోటు లేదు. సత్యనారాయణ వ్రతానికి పీటలు వేసేటప్పుడు కాళ్ళకి ఫెల్ట్ (మందపాటి మెత్తటి ఉన్నిగుడ్డ) ముక్కలు అంటించండి. పంచామృతం దగ్గర పాత దుప్పటి పరిస్తే పంతులుగారు ఏమీ అనుకోరు.

వంటింట్లో రెండు చోట్లు చూసుకుంటే చాలు, సింకు ముందు, పొయ్యి ముందు. సింకు ముందు నీటిబొట్లు పడుతూనే ఉంటాయి, పొయ్యి ముందు పోపు నూనె తుంపర్లు. రెండు చోట్లా ఉతకడానికి వీలైన చాపలు వేసి, సాయంత్రానికి వాటిని ఎత్తి కింద ఆరనివ్వండి. వెట్ గ్రైండర్‌ని నేల మీద ఈడ్వకండి. పాత తువ్వాలు మీద ఎక్కించి తువ్వాలుని లాగితే బరువు దానంతటదే వస్తుంది. బియ్యం బస్తాకి కూడా అదే ఉపాయం. డిష్‌వాషర్ కిందా, ఐసు చేసే ఫ్రిజ్ వెనకా నెలకోసారి టార్చి వేసి చూడండి. నెమ్మదిగా కారే నీళ్ళు పలకలు లేచేదాకా పైకి కనపడవు.

బరువులు, రగ్గులు, ఎండ

మనకి టేకంటే గట్టితనానికి మారుపేరు. నేల విషయంలో ఆ లెక్క వేరు. చెక్క గట్టితనాన్ని జాంకా పరీక్షతో కొలుస్తారు. ఒక ఉక్కు గోళీని సగందాకా చెక్కలోకి దించడానికి ఎంత బలం పడుతుందో పౌండ్లలో చెప్తారు. రెడ్ ఓక్‌కి 1,290, వైట్ ఓక్‌కి 1,360, హికరీకి 1,820. టేకుకి వెయ్యి పైచిలుకే. టేకు గొప్పతనమంతా చెదల్నీ నీళ్ళనీ తట్టుకోవడంలో. అమెరికన్ వాల్‌నట్ కూడా వెయ్యి దగ్గరే. మీ ఇంట్లో వాల్‌నట్ నేల ఉంటే కుర్చీల విషయంలో మరింత జాగ్రత్త పడాలి.

కుర్చీలు, బల్లలు, సోఫాలు అన్నిటి కాళ్ళకీ ఫెల్ట్ ప్యాడ్లు అంటించండి. అంటించి మర్చిపోవద్దు. ఆరు నెలలకి వాటిలో ఇసుక దిగబడి అవే గీతలు పెడతాయి. తిప్పి చూసి, నల్లబడితే మార్చండి. ఆఫీసు కుర్చీ గట్టి నైలాన్ చక్రాలు తీసేసి మెత్తటి రబ్బరు లేదా పాలియురేథేన్ చక్రాలు వేసుకోండి. ఇంటినుంచి పనిచేసేవాళ్ళ గదుల్లో కుర్చీ కింద అర్ధచంద్రాకారంలో అరిగిన నేల ఎన్ని ఇళ్ళల్లో చూశానో!

రగ్గు కింద వేసే ప్యాడ్ చూసి కొనండి. చవకరకం రబ్బరు, ప్లాస్టిక్ అడుగులు కొన్ని పూతతో కలిసిపోయి పసుపు మచ్చలు వదులుతాయి. ఫెల్ట్, సహజ రబ్బరు కలిపినవీ, హార్డ్‌వుడ్‌కి పనికొస్తుందని రాసినవీ తీసుకోండి. ఎండకి చెక్క రంగు మారుతుంది, చెర్రీ అయితే బాగా ముదురుతుంది. రగ్గుల్ని ఏడాదికి రెండుసార్లు కాస్త జరిపితే కింద లేత చతురస్రం మిగలదు.

మంచు పడే రోజుల్లో రోడ్ల మీద చల్లే ఉప్పు చెప్పులకి అంటుకుని ఇంట్లోకి రావడం వేరే తలనొప్పి. గుమ్మం లోపల అంచున్న బూట్ల ట్రే పెట్టండి. కరిగిన నీళ్ళు అందులోనే ఆగాలి. తెల్లటి ఉప్పుచారలు పడితే చెమ్మగుడ్డతో రెండుసార్లు, పొడిగుడ్డతో ఒకసారి.

గీత పడితే, మరక పడితే

గీతకి ముందు వేలు కొంచెం తడిచేసి రుద్దండి. గీత మాయమైతే అది పూత వరకే పడింది. చెక్కదాకా దిగలేదు. వదిలేయండి, లేదా తర్వాతి రీకోట్‌లో పోతుంది. తడిపినా కనిపిస్తూ, గోరు తట్టుకుంటే చెక్కదాకా దిగినట్టు. రంగు కలిసే మార్కర్ పెన్నుతో పూసి వెంటనే తుడవండి. లోతుదైతే మైనం కడ్డీతో పూడ్చి, పాత ప్లాస్టిక్ కార్డుతో చదును చేయండి. ఎంచుకున్న రంగు కంటే ఒక మెట్టు లేతదే మొదట ప్రయత్నించండి. ముదురు పడితే వెనక్కి తీయలేరు.

స్టీలు గిన్నె అంచు పడి సొట్టపడితే తడిగుడ్డ వేసి ఇస్త్రీపెట్టె పెట్టమంటారు. నలిగిన నార ఆవిరికి లేస్తుందన్నది నిజమే కానీ పూత లేని చెక్కకే. పాలియురేథేన్ మీద చేస్తే సొట్ట అలాగే ఉండి, పక్కన తెల్లమచ్చ అదనంగా వస్తుంది.

తెల్లమచ్చ అంటే చెమ్మ పూతలో చిక్కుకుందని అర్థం. రెండు రోజులు ఆరనిస్తే చాలాసార్లు పోతుంది. నల్లమచ్చ అంటే చెక్కదాకా దిగిందని. దానికి ఆక్సాలిక్ ఆమ్లం వాడతారు, వుడ్ బ్లీచ్ పేరుతో దొరుకుతుంది. పులిచింతాకు పులుపులో ఉండేది ఈ ఆమ్లమే, కానీ డబ్బాలోని పొడి విషం. చేతికి తొడుగులు, కళ్ళకి అద్దాలు, ముక్కుకి మాస్కు ఉండాలి, పిల్లలు ఇంట్లో లేనప్పుడే చేయాలి. ముందు మచ్చ మీద పూతని ఉప్పుకాగితంతో పూర్తిగా తీసేయాలి. వేడినీళ్ళలో కలిపిన ద్రావణం పట్టించి, కొన్ని గంటలాగి, కొద్దినీళ్ళతో రెండుమూడుసార్లు తుడిచి, రెండు రోజులు ఆరనిచ్చి, మళ్ళీ పూత వేయాలి. బట్టలకి వాడే బ్లీచ్ ఇనుప నలుపుని పెద్దగా తీయదు. మా తులసి వలయానికి ఇదంతా చేశాను. బొగ్గు నలుపు కాస్తా చింతపండు రంగుకి వచ్చింది, అంతే.

నీళ్ళు ముంచెత్తితే

1. మెయిన్ వాల్వు కట్టేయండి. అది ఎక్కడుందో ఈరోజే చూసి పెట్టుకోండి.

2. తుడవడం మొదలుపెట్టకముందే ఫోటోలు, వీడియో తీయండి. హఠాత్తుగా పైపు పగిలితే ఇన్సూరెన్స్ సాధారణంగా ఇస్తుంది, నెలలతరబడి కారితే సాధారణంగా ఇవ్వదు. తేదీ తెలిసే ఫోటో పనికొస్తుంది.

3. వెట్ వాక్యూమ్‌తో నీళ్ళు లాగేయండి. రగ్గులు, ఫర్నిచర్ తీసేయండి. ఫ్యాన్లు, డీహ్యుమిడిఫయర్ రాత్రింబవళ్ళు తిరగాలి. హీటర్ పెట్టి వేడి చేయకండి, పైన తొందరగా ఎండి పలకలు చీలతాయి.

4. పలకలు దోనెల్లా లేస్తే వెంటనే చదును చేయించకండి. తొందరపడే కాంట్రాక్టరు అదే చెప్తాడు. లేచిన అంచుల్ని చెక్కేశాక కింద తడి ఆరితే పలకలు మళ్ళీ సర్దుకుని, ఈసారి మధ్యభాగం ఉబ్బెత్తుగా మిగులుతుంది. తేమ కొలిచే మీటరు పెట్టి, తడవని గదిలోని పలకలతో సమానంగా వచ్చేదాకా ఆగాలి. అందుకు వారాలు పట్టొచ్చు, నెలలూ పట్టొచ్చు. కొన్ని నేలలు ఆ ఓపికకే మళ్ళీ చదునవుతాయి.

పూత మళ్ళీ ఎప్పుడు వేయించాలి

సోఫా నుంచి వంటింటికి నడిచే దారి మసకబారి, మిగతా నేల మెరుస్తున్నప్పుడే రీకోట్ చేయించాలి. పాత పూతని పైపైన గరుకు చేసి, దానిమీద ఒక పొర వేస్తారు. చెక్క జోలికి పోరు. పని ఒక రోజులో అయిపోతుంది, మొత్తం చెక్కించి వేయించే ఖర్చులో సగంలోపే. నేల బూడిదరంగుకి తిరిగిందాకా ఆగారంటే రీకోట్ పనికిరాదు, మొత్తం చెక్కించాల్సిందే.

కాంట్రాక్టర్‌ని మూడు ప్రశ్నలు అడగండి. నూనె పూతా, నీళ్ళ పూతా? నూనెది తేనెరంగు తెస్తుంది, ఏళ్ళు గడిచేకొద్దీ పచ్చబడుతుంది, వాసన ఎక్కువ. నీళ్ళది రంగు మార్చదు, తొందరగా ఆరుతుంది. రెండో ప్రశ్న, ఒక మూల చిన్న చోట పూత అంటుతుందో లేదో పరీక్ష చేస్తారా? గతంలో ఎవరైనా మెరుపు పాలిష్ రాసి ఉంటే అక్కడే బయటపడుతుంది. మూడోది, చెక్కిన పొట్టూ, నూనె పూత తుడిచిన గుడ్డలూ ఎక్కడ పారేస్తారు? ఆ గుడ్డలు కుప్పగా పడేస్తే వాటంతటవే వేడెక్కి అంటుకుంటాయి. మూతున్న ఇనుపడబ్బాలో నీళ్ళుపోసి ముంచాలి. మీరు సొంతంగా చేసుకున్నా ఈ నియమం తప్పదు.

శ్రావణమాసంలో పెట్టుకోకండి. వ్రతాల హడావుడి ఒకటైతే, ఆగస్టు ఉక్కలో పూత ఆరడం ఇంకో అవస్థ. మేం వినాయక చవితి వెళ్ళాక సెప్టెంబరులో చేయించాం. మర్నాటి నుంచి సాక్సులతో నడిచాం, నాలుగో రోజు సోఫాలు ఎత్తి పెట్టాం, ఈడ్వలేదు. రగ్గులు మాత్రం నీళ్ళ పూతకి రెండు వారాలు, నూనె పూతకి నెల ఆగాకే పరచాలి.

ఆ వలయం ఉన్న మూడు పలకలు కోసి కొత్తవి అతుకుతానని కాంట్రాక్టరు అన్నాడు, చెప్పిన రేటు విని వద్దన్నాను. ఇప్పుడు దానిమీదే చక్రాల స్టాండు పెట్టి, ప్లాస్టిక్ పళ్ళెంలో తులసిని ఉంచాను. కింద జానెడు ఖాళీ, గాలి ఆడుతుంది. ప్రతి శుక్రవారం స్టాండు పక్కకి జరిపి, చెయ్యి పెట్టి చూస్తాను, చెమ్మ తగులుతుందేమోనని.